బాబ్లీ గేట్ల తేదీ తెలిస్తేనే యాసంగి లెక్క తేలుతది

బాబ్లీ గేట్లు మూస్తే మన కాకతీయ కాలువకు నీళ్లు బందేనా అని చాలామంది అడుగుతున్నారు. మ్యాప్ వీడియోలో పెట్టిన, లెక్క ఇక్కడ రాస్తున్న.

రెండు దేశాలైనా, రెండు రాష్ట్రాలైనా నీళ్ల ఒప్పందం అనంగనే ఎన్ని టీఎంసీలు అనే అడుగుతాం. ఏ నెలల నీళ్లు అనేది నా దృష్టిలో అంతకన్నా ముఖ్యం. 1996లో ఇండియా, బంగ్లాదేశ్ 30 ఏళ్లకు చేసుకున్న గంగా ఒప్పందంలో పంపకం జనవరి 1 నుంచి మే 31 దాకానే. ఫరక్కా దగ్గర పది రోజులకోసారి లెక్క. 70 వేల క్యూసెక్కులు, అంతకు తక్కువ ఉంటే చెరి సగం. (వరదప్పుడు వాటా ఎవరడుగుతరు!)

మన గోదావరికొస్తే, 1975లో మహారాష్ట్ర, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒప్పుకున్న మాటలే 1980లో బచావత్ ట్రిబ్యునల్ అవార్డులో చేరినయి. పైఠాన్ దాకా గోదావరి నీళ్లు మహారాష్ట్రవే. అక్కడి నుంచి పోచంపాడు దాకా కొత్త ప్రాజెక్టులకు 60 టీఎంసీలు మించి వాడొద్దు. బాబ్లీని శ్రీరాంసాగర్ నీళ్లు వెనక్కి నిలిచే చోటనే కట్టడంతో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 2013 ఫిబ్రవరి 28న తీర్పొచ్చింది. జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి. తర్వాత 2.74 టీఎంసీలు ఆపుకోవచ్చు. మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి.

ఈ 0.6 ఎంత? ఒక టీఎంసీ అంటే దాదాపు 23 వేల ఎకరాల్లో అడుగు లోతు నీళ్లు. అంటే 0.6 టీఎంసీ 14 వేల ఎకరాలకు కూడా అడుగు లోతు రాదు. అందులో ఇసుకలో ఇంకేది, ఎండకు ఆవిరయ్యేది పోవాలె. మార్చిలో వరి పొట్ట మీదుంటది, నీళ్లు ఆగితే తాలే. లోయర్ మానేరు దాటి వరంగల్ వైపున్న చివరి ఆయకట్టు రైతు ఆ నీళ్లను నమ్ముకోవద్దు.

బాబ్లీ మీద కోపం సరే గానీ, పైన జాయక్వాడి నిండి కిందికి వరద వచ్చిందా లేదా అన్నది ఇంకా పెద్ద సంగతి. అక్టోబర్ 28 నాటికి శ్రీరాంసాగర్‌లో ఏముందో చూడండి. పూర్తి మట్టం 1091 అడుగులు. బాగా తక్కువుంటే, బావి ఆసరా లేనివాళ్లు వరి నారు పోయకుండా నువ్వులో, పెసరో, జొన్నో వేసి, సాళ్ల మధ్య గడ్డి ఆచ్ఛాదన పరచండి. నీళ్లున్న ఏడు కూడా కాలువ వంతు ఎన్ని రోజులకోసారి వస్తదో కనుక్కున్నాకే నారుమడి దున్నండి.