అశ్వవధ – చట్ట రక్షణ: అరకు మన్యంలోని బరువు గుర్రాల నేపథ్యంలో ఒక పరిశీలన

1. ప్రవేశిక

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఈ జిల్లాలోని అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతాల్లో రహదారి చేరని కొండశిఖర గూడేలు నేటికీ ఉన్నాయి. అక్కడ పండిన కాఫీ, మిరియాలను సంతకు దించడానికి, బియ్యం, ఉప్పు వంటి సరుకులను పైకి చేర్చడానికి గిరిజనులు గుర్రాలను వాడుతున్నారు. గుర్రాల వధను గూర్చిన చర్చ సాధారణంగా పందెపు గుర్రాల చుట్టూ తిరుగుతుంది. మన్యంలోని బరువు గుర్రానికి కూడా వధ విషయంలో అవే చట్టాలు వర్తిస్తాయి. ఆ చట్టాలు దేనిని రక్షిస్తున్నాయో, దేనిని విడిచిపెట్టాయో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. వధ – చట్ట దృష్టి

భారతదేశంలో గుర్రాల వధను పేరు పెట్టి నిషేధించిన కేంద్ర చట్టం లేదు. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టం ఆవులు, ఎద్దులు, గేదెలకు సంబంధించినది. భారతీయ శిక్షాస్మృతిలోని 429వ సెక్షన్ గుర్రాన్ని పేర్కొన్నది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ అమలులో ఉంది. అయితే ఈ నేరం నిరూపణ కావాలంటే ఇతరులకు అన్యాయంగా నష్టం కలిగించే ఉద్దేశం గానీ, అలాంటి నష్టం కలగవచ్చన్న ఎరుక గానీ ఉండాలి. కాబట్టి ఇక్కడ గుర్రం ప్రధానంగా ఆస్తిగానే రక్షణ పొందుతున్నది.

జంతుహింస నివారణ చట్టం, 1960 బాధను ప్రమాణంగా తీసుకున్నది. అందులోని 11(3) సెక్షన్ ఆహారం కోసం జరిపే వధను, అనవసరమైన బాధ కలిగించనంతవరకు, నేరపరిధి నుండి మినహాయించింది. 2001 నాటి కబేళా నియమాలు పురపాలక ప్రాంతాలలో గుర్తింపు పొందిన కబేళాలలో మాత్రమే వధను అనుమతించాయి. కొండగూడేలు ఆ పరిధికి వెలుపల ఉన్నాయి.

3. ఆహార నియమాలే అడ్డుగోడ

వాణిజ్యపరమైన వధకు అసలు అడ్డు ఆహార భద్రత చట్టం నుండి వచ్చింది. 2011 నాటి ఆహార ప్రమాణాల నిబంధనలు మాంసానికి సంబంధించి గొర్రె, మేక, పంది, గోజాతి జంతువులను, వాటితోపాటు కోళ్ళను, చేపలను మాత్రమే గుర్తించాయి. గుర్రం, గాడిద ఈ జాబితాలో లేవు. అందువల్ల వాటి మాంసాన్ని ఆహారంగా అమ్మడం చట్టసమ్మతం కాదు.

నిబంధన ఉన్నంత మాత్రాన వధ ఆగదనడానికి ఆంధ్రప్రదేశ్‌లోని గాడిదలే నిదర్శనం. కృష్ణా, గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో గాడిద మాంసం బహిరంగంగా అమ్ముడుపోయింది. 2012, 2019 పశుగణనల మధ్య దేశంలో గాడిదల సంఖ్య దాదాపు 61 శాతం, గుర్రాల సంఖ్య దాదాపు 45 శాతం తగ్గాయి. ఈ తగ్గుదలకు యంత్రవాహనాల వ్యాప్తి వంటి ఇతర కారణాలూ ఉన్నాయి.

4. పందెపు గుర్రం – బరువు గుర్రం

ప్రజలు చూసే అశ్వప్రదర్శనలలో పాల్గొనే గుర్రాలు 2001 నాటి ప్రదర్శన జంతువుల నమోదు నియమాల కిందికి వస్తాయి. అంటే పందెపు గుర్రానికి ఒక నమోదు పత్రం, ఒక చిరునామా ఉంటాయి. మన్యం గుర్రానికి వర్తించేవి 1965 నాటి బండిలాగే, బరువుమోసే జంతువుల నియమాలు. వాటి ప్రకారం పొట్టి గుర్రంపై 70 కిలోలకు మించి బరువు వేయరాదు. రోజుకు మొత్తం 9 గంటలకు, విశ్రాంతి లేకుండా 5 గంటలకు మించి పని చేయించరాదు. ఇవన్నీ పనిచేసే వయస్సుకు సంబంధించినవి.

5. ముసలి గుర్రం సంగతి

1960 చట్టం ప్రకారం వయస్సు, జబ్బు, గాయాల వల్ల పనికి తగని జంతువుతో పని చేయించడం నేరం. తగిన కారణం లేకుండా ఆకలిదప్పులకు వదిలివేయడమూ నేరమే. మొదటి నేరానికి జరిమానా 10 నుండి 50 రూపాయలు మాత్రమే. మాంసానికి అమ్మడానికి ఆహార నియమాలు ఒప్పుకోవు. పోనీ ఉంచుకుందామా అంటే మేత, వైద్యం ఖర్చు యజమానిదే. సంపన్నుడైన పందెపు గుర్రం యజమానికి ఇది భరించదగిన ఖర్చు; కొద్దిపాటి కాఫీతోటపై బతికే గిరిజన కుటుంబానికి పెద్ద భారం. చట్టం తప్పుదారులను మూసింది కానీ సరైన దారిని చూపలేదు.

అమెరికా అనుభవం ఇక్కడ గమనార్హం. టెక్సాస్, ఇల్లినాయిస్ రాష్ట్ర చట్టాల ఫలితంగా 2007లో ఆ దేశంలోని చివరి గుర్రపు కబేళాలు మూతపడ్డాయి. ఆ తరువాత గుర్రాలను మెక్సికో, కెనడాలకు తరలించి అక్కడ వధించారు. సంరక్షణ ఏర్పాటు లేని నిషేధం వధాస్థలాన్ని మార్చింది.

6. ముగింపు

గుర్రం విషయంలో భారతీయ చట్టాలు ఆస్తిని, ఆహార శుద్ధిని, బాధ నుండి విముక్తిని రక్షిస్తున్నాయి. వార్ధక్యంలో దాని పోషణకు ఏర్పాటు చేయలేదు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో గ్రామసభకు, పంచాయతీకి సంతల నిర్వహణాధికారాన్ని ఇచ్చింది. సంతలో చేతులు మారే గుర్రం వయస్సును, ఆరోగ్యస్థితిని నమోదు చేయించడానికి ఈ అధికారం ఆధారం కాగలదు. దానికి ప్రభుత్వ పశువైద్యం, మేత సహాయం తోడైనప్పుడే కొండగుర్రానికి చట్టం నిజమైన రక్షణ అవుతుంది. ఆ ఖర్చును గూడెం ఒక్కటే మోయవలసి వస్తే ఆ రక్షణ కాగితానికే పరిమితమవుతుంది.