కరెంట్ పోయినా రౌటర్ ఆగకూడదంటే: బ్యాటరీ బ్యాకప్ సర్క్యూట్ ఎలా డిజైన్ చేయాలి?

ఎండాకాలంలో కరెంట్ ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఫ్యాన్ ఆగితే ఎలాగో ఓర్చుకుంటాం. కానీ ఆన్‌లైన్ పరీక్ష మధ్యలోనో, ఇంటర్వ్యూ నడుస్తుండగానో వైఫై పోతే? కరెంట్ రెండు సెకన్లలో వచ్చేసినా, రౌటర్ మళ్లీ ఆన్ అయ్యి నెట్ దొరికేసరికి ఒకటి రెండు నిమిషాలు పోతాయి. అందుకే ఈ ఎపిసోడ్‌లో 12 వోల్టులు, 1 యాంపియర్ రౌటర్‌కి బ్యాకప్ సర్క్యూట్ డిజైన్ చేద్దాం. ముందే ఒక మాట: 230 వోల్టుల వైపు మనం చెయ్యి పెట్టం. రెడీమేడ్ అడాప్టర్ తర్వాత వచ్చే 12 వోల్టుల దగ్గరే మన పనంతా.

రిలే ఎందుకు వద్దు?

చాలామందికి మొదట తట్టేది రిలే. కరెంట్ ఉన్నంతసేపు కాయిల్ కాంటాక్ట్‌ని లాగి పట్టుకుంటుంది, పోగానే వదిలేస్తుంది, అప్పుడు బ్యాటరీ కలుస్తుంది. లైటుకైతే ఇది చాలు. రౌటర్‌కి చాలదు. కాంటాక్ట్ ఇటునుంచి అటు మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, ఆ గ్యాప్‌లో రౌటర్‌కి ఏ వైపు నుంచీ సప్లై ఉండదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. 12 వోల్టుల రిలే, వోల్టేజ్ 11కి పడగానే వదలదు. ఒకసారి లాగాక చాలా తక్కువ వోల్టేజ్ దాకా పట్టుకునే ఉంటుంది. అది వదిలేలోపే రౌటర్ ఆఫ్!

"పెద్ద కెపాసిటర్ పెడితే సరిపోదా అన్నా?" అంటారా? లెక్క చూద్దాం. 1 యాంపియర్ లోడ్‌ని 10 మిల్లీసెకన్ల పాటు, 1 వోల్టు కంటే ఎక్కువ పడకుండా నిలబెట్టాలంటే 10,000 మైక్రోఫారడ్లు కావాలి. 1,000 మాత్రమే పెడితే మిల్లీసెకనుకి 1 వోల్టు చొప్పున పడిపోతుంది.

రెండు డయోడ్లే మన స్విచ్

ఒకే నల్లాకి రెండు పైపులు కలిశాయనుకోండి. రెండిటికీ నీళ్లు వెనక్కి పోకుండా వాల్వులున్నాయి. ఏ పైపులో ప్రెజర్ ఎక్కువుంటే ఆ నీళ్లే వస్తాయి. అది తగ్గగానే రెండోది తనంతట తానే అందుకుంటుంది. డయోడ్లు చేసేది కూడా ఇదే. అడాప్టర్ నుంచి ఒక డయోడ్, బ్యాటరీ వైపు నుంచి ఇంకో డయోడ్, రెండూ కలిసే చోట రౌటర్. కదిలే భాగం లేదు, గ్యాప్ లేదు.

డయోడ్ మాత్రం 1ఎన్4007 వద్దు. 1 యాంపియర్ దగ్గర అది వోల్టు దాకా తినేస్తుంది. షాట్కీ డయోడ్ 1ఎన్5822 తీసుకోండి, సుమారు 0.4 వోల్టుతో పోతుంది.

అసలు తప్పు జరిగేది ఇక్కడే

మూడు లిథియం సెల్స్ సిరీస్‌లో కలిపితే 12 వోల్టులు వస్తుంది కదా, డైరెక్ట్‌గా పెట్టేద్దాం అనిపిస్తుంది. కానీ ఫుల్ చార్జ్‌లో అది 12.6 వోల్టులు. అడాప్టర్ కంటే ఎక్కువ! అంటే కరెంట్ ఉన్నప్పుడే బ్యాటరీ ఖర్చవుతూ ఉంటుంది, నిజంగా పోయే టైముకి నిండుగా ఉండదు. పైగా 12 వోల్టుల అడాప్టర్‌తో దాన్ని నేరుగా నింపలేం కూడా.

అందుకే రెండు సెల్స్ సిరీస్‌లో పెడదాం. 7.4 వోల్టులు, ఫుల్ అయితే 8.4. దాని తర్వాత బూస్ట్ మాడ్యూల్. అడాప్టర్ లోడ్ మీద ఎంత ఇస్తుందో మల్టీమీటర్‌తో కొలవండి. 12 వస్తే బూస్ట్‌ని 11.5 దగ్గర సెట్ చేయండి. ఈ అర వోల్టు తేడానే మొత్తం డిజైన్‌కి ప్రాణం. బ్యాకప్‌లో రౌటర్‌కి 11 వోల్టుల చిల్లర అందుతుంది. లోపల దాన్ని మళ్లీ తక్కువ వోల్టులకు దించే కన్వర్టర్లే ఉంటాయి కాబట్టి మామూలుగా ఇబ్బంది ఉండదు. బ్యాటరీ వైపు మాత్రం 2 యాంపియర్లు దాటొచ్చు, కనీసం 3 తట్టుకునే మాడ్యూల్ కొనండి.

చార్జింగ్ సంగతి

కరెంట్, వోల్టేజ్ రెండూ సెట్ చేసుకునే బక్ మాడ్యూల్ తీసుకుని 8.2 వోల్టులు, 0.5 యాంపియర్ దగ్గర పెట్టండి. 8.4 ఎందుకు కాదంటే, ఈ బ్యాటరీ రోజంతా చార్జర్ మీదే ఉంటుంది. కొంచెం తక్కువ నింపితే ఎక్కువ కాలం బతుకుతుంది. చార్జర్‌కి సప్లై అడాప్టర్ దగ్గర నుంచే, మొదటి డయోడ్‌కి ముందు తీసుకోవాలి. డయోడ్ల తర్వాత తీసుకుంటే కరెంట్ పోయినప్పుడు బ్యాటరీ తనని తానే చార్జ్ చేసుకుంటూ అయిపోతుంది. బ్యాటరీ నుంచి వెనక్కి పారకుండా బక్ ఇన్‌పుట్‌లో మూడో డయోడ్ పెట్టండి. రౌటర్‌తో వచ్చిన 1 యాంపియర్ అడాప్టర్ ఈ రెండు పనులకీ చాలదు, 2 యాంపియర్లది కావాలి.

ఎంతసేపు వస్తుంది?

2,500 మిల్లీయాంప్ అవర్ సెల్స్ రెండు అంటే 18.5 వాట్ అవర్లు. బూస్ట్‌లో పోయేది పోగా 15 అనుకోండి. రౌటర్ 6 వాట్లు తింటే రెండున్నర గంటలు. ఫైబర్ బాక్స్ విడిగా ఉంటే దానికీ పవర్ కావాలి, మర్చిపోకండి. అది ఆగితే రౌటర్ వెలుగుతున్నా నెట్ రాదు. దాన్ని కూడా కలిపితే అడాప్టర్, బూస్ట్, డయోడ్ల లెక్క మళ్లీ వేసుకోవాలి.

వీటిలో మాత్రం రాజీ వద్దు

రెండు సెల్స్‌కి సరిపోయే బీఎంఎస్ బోర్డు తప్పనిసరి. ఓవర్ చార్జ్ అయినా, పూర్తిగా ఖాళీ అవుతున్నా, షార్ట్ అయినా కట్ చేసేది అదే. బ్యాటరీ వైర్‌లో 5 యాంపియర్ల ఫ్యూజ్ పెట్టండి. పాత లాప్‌టాప్ నుంచి పీకిన సెల్స్ వద్దు, పాతా కొత్తా కలపొద్దు, సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేయొద్దు, హోల్డర్ వాడండి. పరుపు మీదా, కర్టెన్ పక్కనా పెట్టొద్దు.

రౌటర్ కలిపే ముందు 12 ఓమ్స్, 25 వాట్ల రెసిస్టర్‌ని లోడ్‌గా పెట్టి, అడాప్టర్ స్విచ్ పదిసార్లు ఆన్ ఆఫ్ చేయండి. రెసిస్టర్ బాగా కాలుతుంది, ముట్టుకోకండి. మీటర్‌లో 11 దగ్గర నిలబడితే పాస్. సున్నా వైపు పడుతుంటే రెండో డయోడ్ తిరగబడిందేమో చూడండి.

మీ రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని యాంపియర్లు రాసుందో కామెంట్‌లో పెట్టండి, లెక్క కలిసి వేద్దాం. ఉంటాను మరి!