రెండవయేటి వాయనములు



అత్తవారింట తొలియేడు గడచిన తీరుననే తక్కిన సంసారమంతయు గడచునని పెద్దలనుచుందురు. ఇందు కొంత నిజము కలదుగాని పూర్తిగా నిజము కాదు. మా తొలియేడు బిడియముతోను, లేనిపోని భయములతోను గడచినది. రెండవయేటి శ్రావణమాసమున జరిగిన యొక సంగతివలన అత్తవారిల్లు మా యిల్లయినది. కొత్తగా కాపురమునకు వచ్చిన చెల్లెండ్రకును, కొత్తకోడలిని తెచ్చుకొన్న తల్లులకును ఉపయోగించునేమో యని ఆ సంగతి నిచ్చట వ్రాయుచున్నాము.

మా పుట్టినిల్లు గుడివాడ. తాతగారు మాకు ఇంటివద్దనే పోతనగారి భాగవతమును, మనుచరిత్రమును, ఆముక్తమాల్యదను పాఠము చెప్పిరి. 2010వ సంవత్సరమున వివాహము జరిగినది. మావారు ఉపాధ్యాయులు. అత్తవారి గ్రామము దివిసీమలో నాగాయలంక చేరువను గలదు. కృష్ణానది పులిగడ్డవద్ద రెండు పాయలుగా చీలి సముద్రమును జేరును. ఆ పాయలకును సముద్రమునకును నడుమనున్న నేలయే దివిసీమ. మేము వెళ్ళునాటికే మామగారు గతించి నాలుగేండ్లయినది. ఇంట అత్తగారు, మావారు, మేము, ఒక పాడిగేదె.

కొత్తకోడలికి మొదట కావలసినది పాండిత్యము కాదు. ఏ డబ్బాలో ఏ పప్పున్నదో, అన్నమునకు ఎసరు ఎంత పోయవలెనో, చింతపండు ఎంత పులుపుగా నుండవలెనో తెలియవలెను. మా పుట్టింట పులుసులో బెల్లము వేయుదురు, ఇచ్చట వేయరు. మొదటినాడు మేము చేసిన పులుసును అత్తగారు మాటాడక తినిరి. మఱునాడు బెల్లపుడబ్బా పై యరకు జేరినది. ఆమె యొక్కమాటయు అనలేదు. కాని అనని మాటయే మాకు నూరు మాటలై తోచెను. వరికోతలైన పొలములలో మినుము చల్లుట ఈ సీమ వాడుక. ఆ మినుములు ఇంటికి వచ్చినప్పుడు సున్నియుండలకు పిండి విసరుటకై ఆమెతో తిరుగలికడ కూర్చుంటిమి. రెండు జాములు విసరితిమి. నాలుగు మాటలైనను ఆడుకొనలేదు. ఈమెకు మనమన్న నిష్టము లేదని నిశ్చయించుకొంటిమి.

మా పుస్తకములు పెట్టె యడుగున చీరలక్రింద నుండెను. అత్తగారికి చదువురాదు. కోడలు పుస్తకము పట్టిన గర్వమనుకొందురేమో యని మావెఱపు. ఒక మధ్యాహ్నము ఆమె నిద్రించుచున్నదని తలచి ఆముక్తమాల్యద తీసి గోదాదేవి కథ మెల్లగా చదువుకొనుచుంటిమి. తాను ముడిచి విడిచిన పూదండను స్వామికి సమర్పించిన పెండ్లికాని పడుచు కథయది. తలయెత్తిచూడగా అత్తగారు గడపయందు నిలిచియున్నారు. పుస్తకము మూయబోతిమి.

“మూయకమ్మా. నెలరోజులుగా గొణుగుడే వినపడుచున్నది కాని మాట తెలియకున్నది. గట్టిగా చదువరాదా?” అనిరి.

నెలరోజులుగా ఆమె వినుచున్నదన్న మాట! నాటినుండి మా యింట మధ్యాహ్నమున పురాణకాలక్షేపము మొదలైనది. మేము పద్యము చదివి అర్థము చెప్పుదుము. ఆమె వత్తులు చేసికొనుచు వినును. దివిసీమకు ఎగువను కృష్ణయొడ్డున నున్న శ్రీకాకుళములోనే శ్రీకృష్ణదేవరాయలు ఏకాదశినాడు ఉపవసించి, స్వప్నమున ఆంధ్రమహావిష్ణువు ఆజ్ఞనొంది ఈ గ్రంథము వ్రాసెనని చెప్పగా, “ఆ గుడికి చిన్నప్పుడు పోయినాను. స్వామి పుస్తకము వ్రాయించెనని యెవ్వరును చెప్పలేదే!” యని యాశ్చర్యపడిరి. ఆ ధనుర్మాసమున ముగ్గురమును వెళ్ళి స్వామిని సేవించి వచ్చితిమి.

పెండ్లియైన పిల్లకు చదువేలయను మాట కొత్తది కాదు. 1874లో పెనుగంచిప్రోలున జన్మించిన భండారు అచ్చమాంబగారు చిన్ననాటనే పెండ్లియై అత్తవారింటికి వెళ్ళిరి. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తమ యింటనుండి చదువుకొనుచుండగా, ఆయనవద్దనే ఆమె చదువు నేర్చుకొనిరి. అబలాసచ్చరిత్రరత్నమాల రచించిరి, 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గూడి మన బందరులోనే బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. 1905లో కన్నుమూసిరి. ముప్పదియొక్క యేండ్లయిన నిండని యాయువులో ఇంతపని జరిగినది. పెట్టె యడుగున పుస్తకములు దాచుకొను కోడండ్రు ఈమెను తలచుకొనవలెను.

ఇక వేడుక సంగతి. మావారు ఒకసారి పెడన వెళ్ళి, అరిగిపోయినదని పక్కన పెట్టిన టేకు అచ్చునొకదానిని తెచ్చి యిచ్చిరి. 1611లో ఆంగ్లవర్తకులు బందరున కోఠీ పెట్టుకొన్నది ఇక్కడి యద్దకపుబట్టలమీది మక్కువతోనే. పెడనలో ఆ పని నేటికిని సాగుచున్నది. కరక్కాయపొడి కలిపిన పాలలో నూలుబట్టను తడిపి యారవేయుదురు. త్రుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లపునీటిలో కొన్నాళ్ళు ఊరబెట్టి వడకట్టిన నీరు చూచుటకు పలుచగనే యుండును. కరక్కాయ పట్టిన బట్టపై అద్దగానే నల్లబడును. ఎఱుపు కావలసినచోట పటికనీరు అద్ది, బట్టను వేరురంగుతో కాగులలో నుడికింతురు. పటిక తాకినచోటనే యెఱుపు నిలుచును. తరువాత పారునీటిలో జాడించవలెను.

ఎఱుపు మాకు సాధ్యము కాలేదు. నలుపు మాత్రము ప్రయత్నించితిమి. అత్తగారు గొడ్లసావిడి చూరునుండి పాత కొడవళ్ళు తీసియిచ్చిరి. ఒక కుండలో వానిని బెల్లపునీట వేసి మూతి గట్టితిమి. పది దినములైన పిమ్మట ఆ వాసనకు గేదె సైతము మొగము త్రిప్పుకొనెను. మొదటిగుడ్డపై పువ్వులన్నియు అలికినట్లైనవి. బట్టక్రింద నాలుగు మడతల కంబళి పరువవలెననియు, అచ్చును ముంచరాదు, తడిగుడ్డపై నద్ది యెత్తవలెననియు చెడగొట్టిన పిదపనే తెలిసినది. వేసవి ముగియునప్పటికి పండ్రెండు రవికెగుడ్డలు సిద్ధమైనవి. శ్రావణమున వాయనములకు వానినే యియ్యదలచితిమి. “శుభకార్యమునకు నలుపు కనబడరాదమ్మా, పసుపునీట ముంచు” మని అత్తగారు చెప్పిరి. ముంచి యారవేయగా ఆ పసుపులో నల్లని తీగలు మఱింత యందముగా తేలినవి.

మంగళగౌరీవ్రత మెరుగనివారు మనలో నుండరు. పెండ్లియైన పిల్ల అయిదేండ్లు శ్రావణ మంగళవారములయందు గౌరీదేవిని పూజించును. తొలియేడు పుట్టింట నోచి తొలివాయనము తల్లికిచ్చుట యాచారము. బియ్యపుపిండియు బెల్లమును కలిపి చేసిన చలిమిడి ప్రమిదలలో నేతివత్తులు వెలిగించి, నేయిరాచిన అట్లకాడను ఆ జ్వాలపై పట్టుకొని కథ వినవలెను. కథ ముగియునప్పటికి అట్లకాడకు కాటుక పట్టును. ఆ కాటుకను ముత్తైదువలకిచ్చి తానును పెట్టుకొనవలెను. అల్పాయుష్కుడైన భర్తను నోముఫలమున దక్కించుకొన్న కొత్తకోడలి కథయది. నానిన శనగలు, తమలపాకులు, పండు, రవికెగుడ్డ వాయనము. తొలియేట అయిదుగురు, రెండవయేట పదుగురు, ఇట్లు ఏటేట అయిదేసిమందిని పెంచుకొనుచు అయిదవయేట ఇరువదియైదుగురికి ఇచ్చుట మా యిండ్లలోని వాడుక.

రెండవయేడు నోము అత్తవారింట వచ్చినది. పదుగురిని పిలువబోగా, వీథిలో సగము తలుపులకు తాళములే. పడుచువారందఱు కొలువులకై విజయవాడకో హైదరాబాదునకో వెళ్ళియున్నారు. ఎంత తిరిగినను ఏడుగురే దొరకిరి. ఆ యెండలో నలసివచ్చి, “దొరకినవారితోనే సరిపెట్టుదమత్తయ్యా. దేవి లెక్కలు చూచునా?” అంటిమి. చదివినవారమను గర్వము ఆ మాటలో నుండెనని నేడు తోచుచున్నది.

అత్తగారు చాలసేపు మాటాడలేదు. తరువాత మమ్ములను పక్కను కూర్చుండబెట్టుకొని యిట్లు చెప్పిరి:

“మా పెండ్లి 1977 వైశాఖములోనమ్మా. తొలియేటి నోము పుట్టింట నోచుకొని, ఆశ్వయుజములో ఇక్కడికి కాపురమునకు వచ్చినాను. కార్తికమాసములో నవంబరు 19వ తేది, శనివారము. పొద్దుననుండియు గాలి. సాయంత్రమునకు సముద్రము ఊరిలోనికి నడచివచ్చినది. మా అత్తగారు నా కొంగును తన కొంగుతో ముడివేసి, పక్కయింటి డాబా యెక్కించినది. తెల్లవాఱి చూచితే ఊరు లేదు.”

ఆనాటి యుప్పెన అయిదు మీటర్ల యెత్తున వచ్చి తీరగ్రామములను ముంచినదనియు, 10,000 మందికి పైగా మరణించిరనియు మేము చదివియుంటిమి. చదువుట వేఱు, ఆ రాత్రి డాబాపై నిలిచిన మనిషిపక్కను కూర్చుండి వినుట వేఱు.

“మఱుసటి శ్రావణమునకు తాటాకుల పాకలో నుంటిమి. రెండవయేటి నోము. పదుగురు కావలెను. ఊరంతయు తిరిగినను ఏడుగురే ముత్తైదువలు. తక్కిన యాడువారు ఉన్నారుగాని వారి నొసట బొట్టు లేదు. నోము మానుకొందునని యేడ్చినాను. మా అత్తగారు మాటాడక లేచిపోయి ముగ్గురిని వెంటబెట్టుకొని వచ్చినది. ముగ్గురును ఆ యుప్పెనలో భర్తలను పోగొట్టుకొన్నవారే. వారిని పీటలమీద కూర్చుండబెట్టినది. పిలిచిన యేడుగురిలో ఇద్దఱు లేచి నిలుచుండిరి. మా అత్తగారు అన్నది: ‘ఉప్పెన వెళ్ళిన మూడుదినములు వీరు కాచిన గంజి త్రాగియే ఈ కోడలు బ్రతికినది. ఆ చేతులు దీవించిన చెడుగు జరుగునా?’ లేచినవారు మఱల కూర్చుండిరి. లెక్క తగ్గింపలేదమ్మా ఆమె, పిలుపు పెంచినది.”

ఇంతచెప్పి అత్తగారు వంటయింటిలోనికి వెళ్ళి శనగలు నానబోసిరి. తమకు ఫలానిది కావలెనని ఆ మాటలలో ఎచ్చటను లేదు.

మఱునాడు మంగళవారము. కథ చదివితిమి. ఏడుగురు ముత్తైదువలకు వాయనములిచ్చితిమి. వీథి చివరి యింటనుండు ఇద్దఱు వృద్ధులను ముందురాత్రి మావారు స్వయముగ వెళ్ళి పిలిచియుండిరి. వారు గడపవద్దనే నిలువబోగా చేయిపట్టి తెచ్చి పీటలపై కూర్చుండబెట్టితిమి. తొమ్మండుగురైరి. పదవ వాయనపుపళ్ళెము మాచేతనున్నది. అత్తగారు లోపలిగది తలుపు వెనుక, ఎవరికిని కనబడకుండ నిలిచియుండిరి. మామగారు గతించిననాటినుండి శుభకార్యములలో ఆమె చోటు అదియే.

మేము పళ్ళెముతో ఆ తలుపువద్దకు పోతిమి.

“నాకెందుకమ్మా?” అనిరి.

“మీ అత్తగారు మీకు నేర్పినదే కదా, అత్తయ్యా,” అంటిమి. అంతకుమించి గొంతు పెగలలేదు.

ఆమె పళ్ళెము వంక చూచిరి. కొడవళ్ళు ఊరిన కుండనీటితో తామే దగ్గఱనుండి యద్దించిన రవికెగుడ్డ అందున్నది. కొంగు చాచి తీసికొనిరి. వచ్చినవారిలో నొకామె ముఖము ముడుచుకొన్నదని తరువాత వింటిమి. తక్కినవారు మాత్రము కూర్చుండి పాట పాడి, హారతి యిచ్చియే వెళ్ళిరి. ఆ రాత్రి భోజనమునకు అత్తగారు తామే పులుసు కాచిరి. నోట బెట్టుకొన్నంతనే తెలిసినది: అందు బెల్లము వేసిరి.

అటుపిమ్మట మూడేండ్లును లెక్క తప్పకుండ నోము నోచుకొంటిమి. అయిదవయేట ఇరువదియైదుగురిలో ఎనమండుగురు భర్తలేనివారు. అత్తగారికి నోటికివచ్చిన మంగళహారతులను, తమ యత్తగారు చెప్పిన నోముకథలను— ఆ పుణ్యాత్మురాలు చెప్పినవి పుస్తకరూపమున నున్నవి ఉప్పెనలో పోయినవి— అత్తగారు చెప్పగా మేము వ్రాసికొని యొక నోటుపుస్తకము నింపితిమి. ఇప్పుడు బందరున కాపురమున్నను ఆ పుస్తకము, అరిగిన అచ్చు మావెంటనే యున్నవి.

చెల్లెండ్రారా! కొత్తకాపురమున మీ పుస్తకమును, మీ చేతిపనిని పెట్టె యడుగున దాచకుడు. మధ్యాహ్నవేళ గట్టిగా చదువుడు. ఇంటిలో వినువారుందురు. అత్తగారు మాటాడకున్నచో అది కోపమనియే తలపకుడు. మా యత్తగారి మౌనములో నొక ఊరే మునిగియుండెను. తల్లులారా! కోడలి చదువు మీకు పరాయిది కాదు. మీరెఱిగినది చెప్పిన ఆమె వ్రాసిపెట్టగలదు. ఇక నోములయందు మన పూర్వులు పెట్టిన లెక్కలు మనలను ఇంటింటికిని త్రిప్పుటకే యని మాకు తోచుచున్నది. ఈ శ్రావణమున మీ వీథిలో పీటవేయని తలుపు ఒక్కటైన నుండును. ఆ తలుపు తట్టి పిలువుడు.