ఇనుమునకు పైపూత: యురేథేను రంగులు, వాని వ్యాపారము

మన బళ్లారి ఇనుప సీమ. సండూరు కొండలలోని ఎఱ్ఱరాయి తోరణగల్లు కర్మాగారమునకు పోయి ఉక్కుగా మారుచున్నది. ఆ రాతి ఎఱుపునకు కారణము ఇనుము ప్రాణవాయువుతో కూడియుండుటయే. తుప్పు కూడ ఇంచుమించు ఆ జాతిదే. ఎంతో బొగ్గు వెచ్చించి రాతినుండి విడదీసిన ఇనుము, తడిగాలి సోకినచో, మరల ఆ మట్టిస్థితికే పోజూచును. దాని నడ్డగించునది పైపూత.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్టకు గల 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకొనిపోయెను. అందుకు కారణము రంగు అని మేము చెప్పబోము. కాని నీటిలోను ఎండలోను నిలుచు ఇనుమును ఎంత కనిపెట్టి యుండవలెనో ఆయకట్టు రైతులందఱికి ఆనాడు తెలిసివచ్చినది.

వంతెనలకు, పెద్ద యంత్రములకు సాధారణముగా మూడు పూతలు వేయుదురు. అడుగున జింకు కలిసిన పూత, నడుమ ఎపాక్సీ, పైన యురేథేను. ఎపాక్సీ గట్టిదే గాని ఎండకు సున్నమువలె పొడి రాలును. మన సీమ ఎండ సంగతి వేఱుగ చెప్పనేల? ఆ ఎండకు ఓర్చి, మెఱుపు చెడక నిలుచుటకే యురేథేను పైపూత.

ఈ రంగు రెండు డబ్బాలలో వచ్చును. ఒకదానిలో పాలియాల్ అను జిగురు పదార్థము, రెండవదానిలో ఐసోసయనేటు. రెండును కలిపిన కొన్ని గంటలలోనే వాడుకొనవలెను. లేకున్న డబ్బాలోనే గడ్డకట్టును. ఈ రసాయనమునకు మూలపురుషుడు ఆటో బేయరు. ఈయన 1937లో జర్మనీలోని లెవర్కూసెనులో దీనిని కనుగొనెను. బేయరు కంపెనీ స్థాపకులకును ఈయనకును చుట్టరికము లేదు. పేరు మాత్రమే ఒకటి.

పాలియాలును ఎక్కువగా పెట్రోలియమునుండి తీయుదురు. కాని మన మెట్టపొలములలో పండు ఆముదము స్వభావసిద్ధముగానే పాలియాలు! ఇతర నూనెలలో అరుదైన హైడ్రాక్సిల్ సమూహము దీనిలో నిండుగా కలదు. బండి ఇరుసునకు కందెనగా, పసిపిల్లలకు మందుగా మనమెఱిగిన నూనె ఐసోసయనేటుతో కలిసి కర్మాగారముల నేలలకు గట్టిపూత యగుచున్నది. ప్రపంచమున పండు ఆముదములలో అధికభాగము భారతదేశమునదే. అందును గుజరాతు మొదటిది.

అయినను ధర నిర్ణయించు బలము రెండవ డబ్బాది. ఎండకు పసుపెక్కని మేలిజాతి ఐసోసయనేటును చేయువారు లోకములో కొద్దిమందియే: జర్మనీ కొవెస్ట్రో, చైనా వన్‌హువా మొదలగువారు. ఆ కొద్దిమందిలోను మార్పులు జరుగుచున్నవి. ఫ్రాన్సులోని వెంకోరెక్సు 2024లో అప్పులపాలై న్యాయస్థానమునకెక్కగా, 2025లో దానిలో కొంతభాగము వన్‌హువా వారి హంగేరీ శాఖకు దక్కినది. కొవెస్ట్రోను కొనుటకు అబూధాబీ చమురు సంస్థ 2024లో ఒప్పందము కుదుర్చుకొనెను. మన దేశమునందు 2025లో జె.ఎస్.డబ్ల్యు. పెయింట్సు, అక్జో నోబెల్ ఇండియాను కొనుటకు ఒడంబడినది. ఇట్లు చేతులు తగ్గినకొలది, చిన్న రంగుల వ్యాపారి బేరమాడు చోటు తగ్గును. మన రైతు గింజ నమ్మును. లాభములో పెద్దవాటా గింజను రసాయనముగా మార్చినవారిది. మన విద్యార్థులు రసాయనశాస్త్రము చదువవలెననుటకు ఇంతకంటె దగ్గఱి కారణము మాకు తోచుట లేదు.

ఇక చదువు ముగించి లారీ బాడీలు కట్టు షెడ్లలో రంగు కొట్టుటకు పోవు పిల్లలకొక మాట. ఎండి గట్టిపడిన పూత వలన భయము లేదు. పిచికారి చేయునప్పటి తుంపర మాత్రము ఊపిరితిత్తులకు శత్రువు. ఒకమారు శరీరమునకు పడకపోయినచో, ఆపై కొద్దిపాటి ఆవిరికే ఉబ్బసము రావచ్చును. ఐరోపా సమాఖ్య దేశములలో 2023 ఆగస్టు 24 నుండి, డైఐసోసయనేటు నూటికి 0.1 వంతు మించియున్న సరుకును శిక్షణ పొందనివారు పనిలో వాడరాదు. ముక్కునకు కట్టుకొను చేతిరుమాలు ఆ ఆవిరి నాపదు. వేఱుచోటినుండి గొట్టము ద్వారా మంచిగాలి నందించు ముసుగు కావలెను. సెలవునాడు తగ్గి, పనినాడు తిరిగివచ్చు దగ్గును జలుబని ఊరకుండరాదు. వైద్యుని యొద్దకు పోయి, ఏ రంగు కొట్టుచున్నదియు డబ్బా పేరుతో సహా చెప్పవలెను.