పాలు లేని కారమెల్ మిఠాయి

పెదకాకాని చుట్టుపట్ల గ్రామములలో పాడి గల యింటనైనను పాలు మిగులుట యరుదు. ఉదయము పిదికిన పాలు కేంద్రమునకు పోవును. సాయంకాలపు పాలు పిల్లలకును, పెరుగు తోడుకును చాలీచాలక యుండును. ఎండలు ముదిరి గేదె వట్టిపోయినచో నవియు లేవు. ట్రాక్టరు వచ్చి యెడ్లు పోయిన పిమ్మట, మేత దొరకక గేదెను గూడ నమ్మివేసిన కుటుంబములు పత్తియు మిరపయు పండించు మన గ్రామములలో పెక్కు గలవు. అట్టి యింట పాలకోవ మాట యెత్తుటయే కష్టము. అయినను పండుగనాడు పిల్లల చేతిలో నింత తీపి పెట్టవలసినదే గదా!

అంగళ్లలో రంగు కాగితములలో చుట్టి కారమెల్ అను పేర నమ్ము మిఠాయిని మన పిల్లలందరు నెఱుగుదురు. పంచదారను ఎఱ్ఱబారునట్లు కాచి, అందు పాలును వెన్నయు చేర్చి, దగ్గరపడువఱకు కలియబెట్టి ముక్కలుగ కోసినదే యది. ఆ పాలకును వెన్నకును బదులుగ కొబ్బరిపాలను, పంచదారకు బదులుగ బెల్లమును వాడి యీ మిఠాయిని మన వంటయింటనే చేయవచ్చును. మేము పలుమారులు చేసి, చేయించి చూచిన పద్ధతినే యిచట వ్రాయుచున్నాము.

పాలు లేమి యొక్కటే యిందులకు కారణము కాదు. పాలు పడనివారును గలరు. వీరు రెండు తెగలవారు. మొదటివారికి పాలలోని చక్కెర యరుగదు. దాని నరిగించు శక్తి పసితనమున నుండి, వయసు వచ్చిన పిమ్మట మన దేశమున పెక్కుమందికి తగ్గిపోవును. గ్లాసెడు పాలు త్రాగిన కడుపుబ్బరమో విరేచనమో కలుగును. పెరుగు, మజ్జిగ వీరికి కొంతవఱకు పడును. రెండవవారి స్థితి వేఱు. పాలలోని మాంసకృత్తులే వారికి విరోధము. ఇట్టి పిల్లలకు చిటికెడు పాలపొడి లోనికి పోయినను దద్దురులు లేచుట, పెదవులు వాచుట, ఊపిరాడకపోవుట సంభవింపవచ్చును. బిడ్డ యే తెగలోనిదో వైద్యుడే చెప్పవలెను. ఇరుగుపొరుగు తీర్పు పనికిరాదు.

అట్టి బిడ్డ గల తల్లిదండ్రులు అంగడిలో పొట్లముమీది ఆకుపచ్చ చుక్కను చూచి మోసపోరాదు. ఆ చుక్క శాకాహారమనుటకు గుర్తేగాని పాలు లేవనుటకు గుర్తు కాదు. 2020 నాటి లేబుళ్ల నిబంధనల ననుసరించి, పాలు కలిసిన సంగతిని పొట్లముమీద ప్రత్యేకముగ ముద్రింపవలసియున్నది. ఆ పంక్తిని వెదకి చదువవలెను. చదువ రానివారు చదువగల పిల్లవానిచేత చదివించుకొనవలెను.

ఇక బెల్లము సంగతి. బెల్లమనగా సగము కాచిన కారమెల్ అని మా యభిప్రాయము. చెఱకురసము పెనముమీద గంటల తరబడి కాగి, 115 మొదలు 118 సెంటిగ్రేడు డిగ్రీల వేడి చేరినపుడు దింపి యచ్చు పోయుదురు. ఆ కాగుటలో రసమునందలి కొద్దిపాటి మాంసకృత్తుల సారములును చక్కెరలును వేడికి కలిసి ఎఱ్ఱని రంగును కమ్మని వాసనను పుట్టించును. 1912లో మయార్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఈ మార్పును వివరించెను. పాలతో చేసిన కారమెల్ రంగును రుచియు చాలవఱకు దీనివలననే వచ్చును. శుద్ధమైన పంచదారను వట్టిగా కాచినచో వేడి సుమారు 160 డిగ్రీలు చేరినగాని సరిగా ఎఱ్ఱబారదు. కావున 1913 నుండి చెఱకు పరిశోధన జరుగుచున్న అనకాపల్లి సీమ నుండి వచ్చిన బెల్లపు దిమ్మలో మనకు కావలసిన పని సగము ముందే జరిగియున్నది. తాటిబెల్లము దొరకిన రుచి యింకను చిక్కనగును.

బెల్లము కొనునపుడు తళతళలాడు పసుపు వన్నెకు ఆశపడరాదు. ఆ వన్నె కొఱకు కొందఱు హైడ్రోసు అను మందును రసములో కలుపుదురు. నల్లగ, మెత్తగ, చెఱకు వాసన గల బెల్లమే యీ పనికి మేలు. అందు ఇసుకయు పీచును ఉండునేమోయని జంకనక్కఱలేదు. వడగట్టుట మన చేతిలోని పనియే.

పరమాన్నము వండిన ప్రతి యిల్లాలికిని తెలిసిన సంగతి యొకటి గలదు. పొయ్యిమీది వేడిపాలలో బెల్లము వేసిన పాలు విరుగును. బెల్లములోని పులుపును లవణములును పాలలోని ముఖ్యమైన మాంసకృత్తును గడ్డకట్టించుటయే యిందులకు హేతువు. కొబ్బరిపాలలో ఆ మాంసకృత్తు లేదు. కావున బెల్లపు కారమెల్ చేయుటకు గేదెపాలకంటె కొబ్బరిపాలే అనుకూలము. పాలు లేనందున చేసికొను సర్దుబాటు అని దీనిని తలపరాదు. ఈ యొక్క విషయమున పాలే వెనుకబడును.

రెండు ముదురు కొబ్బరికాయలను తురిమి, చిన్న గ్లాసెడు గోరువెచ్చని నీరు చిలకరించి, రోటనో మిక్సీలోనో మెత్తగ రుబ్బి, పలుచని గుడ్డలో వేసి గట్టిగ పిండవలెను. మొదటి పాలు చాలనిచో మఱికొంచెము నీటితో రెండవమారు పిండి, మొత్తము 400 మిల్లీలీటర్లు చేసికొనవలెను. బెల్లము 300 గ్రాములు నలుగగొట్టి, అరగ్లాసు నీటిలో కరగించి వడగట్టవలెను. అడుగు మందమైన బాణలి కావలెను. కళాయి లేని రాగి, యిత్తడి పాత్రలు బెల్లపు పులుపునకు చిలుమెక్కును గాన పనికిరావు. బాణలి పెద్దదిగ నుండుట ముఖ్యము. పాకము పొంగునపుడు నాలుగింతలు లేచును.

వడగట్టిన బెల్లపునీటిని పొయ్యిమీద పెట్టి, తీగపాకము వచ్చిన పిమ్మట కొబ్బరిపాలను కొంచెము వేడిచేసి, సన్నని ధారగ పోయుచు కలుపవలెను. చల్లని పాలు గుమ్మరించినచో పాకము గడ్డలు కట్టి, చిటపటలాడి చేతులమీద పడును. పావుచెంచా ఉప్పు వేసిన తీపికి నిండుదనము వచ్చును. పిదప మంట తగ్గించి, చెక్కగరిటెతో అడుగంటకుండ కలియబెట్టుచుండవలెను. అరగంట మొదలు ముప్పావు గంట పట్టును. ఈ నడుమ గరిటె విడిచి పోరాదు. పొరుగింటివారు పిలిచినను పలుకరాదని మేము వేళాకోళముగ చెప్పుచుందుము గాని, అది నిజమే.

కొన్ని సమయములలో అంచులవెంట నూనె తేలును. మంట హెచ్చగుటయు, నీరు త్వరగ నిగిరిపోవుటయు కారణము. కంగారుపడి పారబోయవలదు. బాణలిని దింపి, రెండు చెంచాల వేడినీరు పోసి గట్టిగ గిలకొట్టినచో నూనె మరల కలిసిపోవును.

పాకము పట్టుటలో మన స్త్రీలకు ఎవరును క్రొత్తగ నేర్పవలసినది లేదు. ఉష్ణమాపకము లేకున్నను పళ్లెరములోని చన్నీరు చాలును. పాకపు చుక్కను నీటిలో విడిచి వ్రేళ్లతో కూడదీసినపుడు, మెత్తని యుండయై, పైకి తీసిన సాగి జారినచో నది అరిసెల పాకము, 112 మొదలు 116 డిగ్రీలు. నేలకు విసరిన టంగుమని మ్రోగినచో వేరుసెనగ అచ్చుల పాకము, సుమారు 150 డిగ్రీలు. మనకు కావలసినది ఈ రెంటికిని నడుమ, అరిసెల పాకమునకు దగ్గరగ నున్నది. ఉండను నీటినుండి తీసినను జారక నిలువవలెను, వ్రేలితో నొక్కిన లొంగవలెను. అది 118 మొదలు 120 డిగ్రీలు. తీగ సాగుటను చూచి దింపరాదు. కొబ్బరిపాలు కలిసిన పిమ్మట తీగ గుర్తు మోసము చేయును, నీటిలోని యుండయే నమ్మదగినది. వేసవిలో నింకొక రెండు డిగ్రీలు ముదురనీయవలెను. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే కరగును గదా, 40 డిగ్రీలు దాటు మన గుంటూరు యెండలలో లేతపాకపు ముక్క కాగితమున కంటుకొని పోవును. ముదిరి రాయివలె నైనచో కొంచెము వేడినీటితో మరల కరగించి కాచుకొనవచ్చును. లేతయైనచో మరల పొయ్యి యెక్కింపవలెను. ఈ పనిలో చెడిపోవునది మాడినది యొక్కటే.

పాకము కుదిరిన వెంటనే పళ్లెరమున పోసి, నాలుగు గంటలు ఆరనిచ్చి కత్తితో కోయవలెను. పళ్లెరమునకు నెయ్యి రాయుట మన యలవాటు. పాలు పడని బిడ్డకై చేయునపుడు ఆ నేతి పూతతోనే చేసిన శ్రమ యంతయు వ్యర్థమగును. నువ్వులనూనెనో కొబ్బరినూనెనో రాయవలెను. పాలు కాచిన గిన్నెను, గరిటెను శుభ్రముగ తోమిన గాని యందులకు వాడరాదు.

ఇచట నొక హెచ్చరిక. పాకము మరుగు నీటికంటె మిక్కిలి వేడియైనది. పైగా చర్మమున కంటుకొని విడువదు. పసిపిల్లలను పొయ్యి దరికి రానీయరాదు. పాకము చేతిమీద పడినచో వెంటనే ఇరువది నిమిషములు చల్లని నీటి ధార క్రింద నుంచవలెను. గాజులు, ఉంగరములు వాపు రాకమునుపే తీయవలెను. సిరా, పేస్టు, పిండి, పేడ పూయరాదు. బొబ్బలు పెద్దవైనను, ముఖముపైనను కీళ్లపైనను కాలినను ఆసుపత్రికి పోవలెను.

బెల్లము పడనివారు పంచదారతోను చేయవచ్చును. 250 గ్రాముల పంచదారలో నాలుగు చెంచాల నీరును, గరుకు పలుకులు కట్టకుండుటకై నాలుగు చుక్కల నిమ్మరసమును చేర్చి, తేనెవన్నె వచ్చువఱకు కదపక కాచి, వేడి కొబ్బరిపాలు పోసి, తక్కిన పని పైనవలెనే చేయవలెను. తేనెవన్నె దాటి పొగ లేచినచో చేదగును.

కొబ్బరి మన నల్లరేగడి నేలల పంట కాదు, కోనసీమనుండి తెచ్చుకొనవలసినదే. కావున బాపట్ల వైపు ఇసుకనేలలలో పండు వేరుసెనగను వాడరాదా యని యడుగుదురు. వాడవచ్చును. రాత్రి నానవేసి పొట్టు తీసిన గింజలను రుబ్బి పిండిన పాలు బాగుగ నుండును. ముందుగ పది నిమిషములు కాచిన పచ్చివాసన పోవును. బూజు పట్టినవి, ముడుతలు పడినవి, రంగు మారినవి యొక్క గింజయు నుండరాదు. ఆ బూజులోని విషము కాచినను పోదు. వేరుసెనగ పడని పిల్లలును గలరని మఱవరాదు. వేయించిన నువ్వులను నూరి చివరలో నాలుగు చెంచాలు కలిపిన మిఠాయి మఱింత కమ్మనగును.

పత్తి పండించు మనకు పత్తిగింజల తలపు రాకపోదు. మధుర పట్టణమున పత్తిగింజలు రుబ్బి పిండిన పాలలో బెల్లమును కొబ్బరిని చేర్చి కాచి వీథులలో అమ్ముదురు, పరుత్తిపాల్ అందురు. మన గింజలతో నిట్టి ప్రయత్నము వలదని మా గట్టి సలహా. పత్తిగింజలలో గాసిపాల్ అను విషపదార్థము సహజముగనే యున్నది. అంతకు మించి, విత్తనపు సంచులలో వచ్చు గింజలకు పురుగుమందు పట్టించియుండును. అవి వంటయింటి గడప త్రొక్కరాదు. మిగిలిన విత్తనములను పిల్లల కందనిచోట నుంచవలెను.

పాలు లేని తీపి మనకు క్రొత్త కాదు. నరసరావుపేట చెంత కోటప్పకొండ తిరునాళ్లకు పోయినవారు జీళ్లు కొనక మరలుట గలదా? ముదురు బెల్లపు పాకమును మేకునకు తగిలించి, సాగదీసి, మడచి, మరల సాగదీసి, నువ్వులద్ది చేయు ఆ జీడిలో పాలచుక్క లేదు. తెగని మాటను జీడిపాకమని మనమందుము గదా. గోవాలోను సింహళములోను కొబ్బరిపాలు, బియ్యపుపిండి, నల్లబెల్లము కలిపి గంటల తరబడి కాచి దోదోల్ అను మిఠాయిని చేయుదురు. అదియు మన కారమెల్‌కు దగ్గర చుట్టమే.

పైని కొలతకు సుమారు 400 గ్రాముల మిఠాయి, అనగా చిన్న ముక్కలు ఏబది వచ్చును. కోసిన ముక్కలను వెన్నకాగితమున చుట్టి, మూత బిగువైన డబ్బాలో నుంచినచో పది దినములు నిలుచును. వానకాలమున గాలి తగిలిన చెమర్చును. సంఘపు స్త్రీలు కొందఱు కలిసి అమ్మదలచినచో, కాయల వెల, బెల్లపు వెల, వంటచెఱకు లేక గ్యాసు ఖర్చుతో బాటు తమ కూలిని గూడ లెక్కలో వ్రాయవలెను. తమ కూలిని వ్రాయక లాభము వచ్చినదని సంతసించుట మన యిండ్లలో తఱచు జరుగుచున్నది. 2006 నాటి ఆహార భద్రతా చట్టము ననుసరించి చిన్న తయారీదారులును నమోదు చేయించుకొనవలెను. పాలు లేవని పొట్లముపై వ్రాసినచో, ఆ బాణలిలో ఆ దినమున పాలకోవ కాచియుండరాదు. ఆ మాటను నమ్మి పాలు పడని బిడ్డకు పెట్టు తల్లి యొకతె యుండును.

పాలు పిండగ మిగిలిన కొబ్బరిపిప్పిని పారవేయవలదు. దానిని ఎండబెట్టి, దోరగ వేయించి, మన యెండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు చేర్చి దంచినచో అన్నములోనికి చక్కని కారప్పొడి యగును.