అలీగఢ్‌లో మరాఠీ కవి

ఒక వ్యక్తి నిజజీవితం ఆధారంగా తీసే సినిమాను జీవితకథా చిత్రం, వాడుకలో బయోపిక్ అంటారు. స్వలింగ ప్రేమికుడైన రచయితపై మన దేశంలో వచ్చిన అటువంటి చిత్రాల్లో, హన్సల్ మెహతా దర్శకత్వంలో 2016 ఫిబ్రవరిలో విడుదలైన హిందీ సినిమా ‘అలీగఢ్’ ముందుగా చెప్పుకోదగినది. కథానాయకుడు రామచంద్ర సిరాస్ మరాఠీ కవి, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ ఆచార్యుడు. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉన్న పరదరామి వంటి ఊళ్లలో ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడేవారికి, ఊరిది ఒక భాష, తనది మరొకటి అయిన ఆయన ఒంటరితనాన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. 2010లో ఆయన ఇంట్లోకి చొరబడినవారు చిత్రీకరించిన, ఆయన మరో పురుషుడితో ఉన్న దృశ్యాల దరిమిలా విశ్వవిద్యాలయం ఆయనను సస్పెండ్ చేసింది. స్వలింగ సంపర్కాన్ని నేరంగా పరిగణించిన 377వ సెక్షన్ వయోజనులు ఏకాంతంలో, పరస్పర సమ్మతితో జరిపే చర్యలకు వర్తించదని ఢిల్లీ హైకోర్టు 2009లో ఇచ్చిన తీర్పు అప్పటికే అమల్లో ఉంది. గ్లాసు చేతబట్టి, లతా మంగేష్కర్ పాట వింటూ, తనలో తాను మెల్లగా ఊగే సిరాస్ పాత్రధారి మనోజ్ బాజ్‌పాయ్‌పై కెమెరా నిలిచిపోయే ఘట్టమే, కోర్టు వాదనలకంటే, ఈ చిత్రానికి ప్రాణం. అలహాబాద్ హైకోర్టు సస్పెన్షన్‌ను నిలిపివేసిన కొద్దిరోజులకే, 2010 ఏప్రిల్ 7న, సిరాస్ తన అద్దె ఇంట్లో శవమై కనిపించారు.