ఆరవ తరగతిలో అడుగిడే బాలలకు బడి పరాయిది కారాదు

ప్రాథమిక పాఠశాలలో అయిదవ తరగతి పూర్తి చేసుకొని ఆరవ తరగతిలో చేరే విద్యార్థినీ విద్యార్థులకు ఒక్క వేసవి సెలవులలోనే లోకం మారిపోతుంది. అంతవరకు ఒకరిద్దరు ఉపాధ్యాయులే అన్ని పాఠాలూ బోధిస్తూ, ప్రతి బిడ్డనూ ఇంటిపేరుతో సహా ఎరిగి ఉంటారు. ఆరవ తరగతిలో గంటకొక ఉపాధ్యాయుడు వస్తాడు, పొరుగు గ్రామాల నుంచి వచ్చిన కొత్త సహాధ్యాయులు ఉంటారు. నడక దూరమూ పెరుగుతుంది. విద్యాహక్కు నియమావళి ప్రాథమిక పాఠశాలకు ఒక కిలోమీటరు, 6 నుంచి 8 తరగతులకు మూడు కిలోమీటర్ల పరిధిని నిర్దేశించింది.

ఈ దశలో బడి మానడం ఒక్కనాటితో జరిగే పని కాదు. మొదట సంత రోజున రాకపోవడం, పిదప వారానికి రెండు రోజులు, పత్తితీత కాలంలో వరుసగా గైర్హాజరు. చివరకు పేదరికమే కారణమని నమోదవుతుంది. అది అసత్యం కాదు. అయితే వెనుక వరుసలో కూర్చున్న ఆ బిడ్డను పేరుపెట్టి పిలిచినవారు ఎందరు, యాసను గాని, కులాన్ని గాని, దుస్తులను గాని ఎగతాళి చేసినవారు ఎందరు అన్న విషయం ఏ పట్టికలోనూ నమోదు కాదు.

విద్యావేత్తలు దీనినే పాఠశాల వాతావరణంగా వ్యవహరిస్తున్నారు. అంతర్జాతీయంగా నిర్వహించే పిసా సర్వేలో పదిహేనేళ్ల విద్యార్థులను గణితం, పఠనంతోపాటు బడిలో సులువుగా స్నేహితులు దొరుకుతున్నారా, ఒంటరితనం కలుగుతున్నదా, పరాయివారమన్న భావన ఉన్నదా అని కూడా అడుగుతారు.

మన దేశంలో ఇది సద్భావనకు మాత్రమే విడిచిపెట్టిన అంశం కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. ఉల్లంఘించినవారు క్రమశిక్షణా చర్యలకు బాధ్యులు. బాలలకు భయాందోళనలు లేని విద్య అందాలని 29వ సెక్షన్, బలహీన వర్గాల బాలల పట్ల వివక్ష చూపరాదని 8వ సెక్షన్ స్పష్టం చేస్తున్నాయి. బదిలీ పత్రం ఆలస్యమైనదన్న కారణంగా ప్రవేశం నిరాకరించరాదని 5వ సెక్షన్ చెబుతున్నది. తొలి రోజునే కార్యాలయ గది ముందు నిలబెట్టి పత్రం తెమ్మని తిప్పిపంపితే, ఆ బిడ్డకు బడి పట్ల కలిగే అభిప్రాయం ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

చేయదగిన పనులలో అధికభాగం ఖర్చులేనివే. హాజరు తీసుకొనేటప్పుడు అంకెలతో గాక పేర్లతో పిలవడం వాటిలో మొదటిది. జూన్ మాసంలోనే ప్రతి కొత్త విద్యార్థికి ఏడు, ఎనిమిది తరగతుల నుంచి ఒక తోడు విద్యార్థిని కేటాయించవచ్చు. కూర్చునే వరుసలను వారం వారం మార్చితే కులం, ఊరు, మార్కుల ప్రకారం ఏర్పడే గుంపులు నిలవవు. మధ్యాహ్న భోజన వేళ ఉపాధ్యాయుడు పిల్లలతో కలసి కూర్చుంటే, ఎవరు విడిగా కూర్చున్నదీ ఒక్క చూపులో తెలుస్తుంది. మూడు రోజులు వరుసగా రాని విద్యార్థి ఇంటికి కబురు వెళ్లాలి. ఆ కబురు హెచ్చరికగా కాక, యోగక్షేమ విచారణగా ఉండాలి. బాలికల విషయంలో తలుపు గడియ, నీరు ఉన్న మరుగుదొడ్డి లేనిదే ఈ ప్రయత్నాలేవీ నెరవేరవు.

గిరిజన ప్రాంతాలలో భాష మరొక అవరోధం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభమైనది. అయితే ఇంటి భాషలో అక్షరాలు దిద్దిన బాలలు ఆరవ తరగతికి వచ్చేసరికి ఆ భాష తరగతి గదిలో వినిపించదు. ప్రార్థన సమావేశంలో వారానికొకసారి ఆ భాషలో ఒక కథకో పాటకో అవకాశం ఇవ్వడం చిన్న ఏర్పాటే అయినా, తక్కిన విద్యార్థుల ఎగతాళిని అరికట్టడానికి దండన కంటే మెరుగైన మార్గం.

చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం మూడువంతుల సభ్యులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది మహిళలు ఉండాలి. కమిటీ సమావేశాలలో భవనాలు, నిధులే ప్రస్తావనకు రావడం సర్వసాధారణం. గైర్హాజరైన బాలల పేర్లు చదవడం అరుదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, తిరిగి 2025 జూలై 10న రాష్ట్రవ్యాప్తంగా తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశాలు నిర్వహించడం జరిగింది. ఇట్టి సమావేశాలకు రాని తల్లిదండ్రుల బిడ్డలే తరచుగా వెనుక వరుసలో ఉంటారు కనుక, వారి ఇళ్లకు వెళ్లి మాట్లాడే బాధ్యతను తరగతి ఉపాధ్యాయునికి ముందుగానే అప్పగించడం సముచితం.

వేధింపునకు గురైన బాలల కోసం 1098 చైల్డ్‌లైన్, మానసిక ఒత్తిడికి సలహాల కోసం 14416 టెలీమానస్ ఉచిత ఫోన్ సేవలు అందుబాటులో ఉన్నాయి. ఈ రెండు సంఖ్యలను ప్రధానోపాధ్యాయుల గదిలో గాక, విద్యార్థులు నిత్యం చూసే గోడపై వ్రాయించవలసి ఉన్నది.